వెనుకకు నడచు బండికి వెలుగు

చీకటిలో ముందునకు పోవు బండికి దారి చూపుటకు పెద్ద దీపములు కలవు. చీకటిలో వెనుకకు వచ్చు బండికి ఉన్నవి ఒకటి రెండు చిన్న దీపములు మాత్రమే. ముందునకు పోవునప్పుడు డ్రైవరు ఎదుట చూచుచు నడపును. వెనుకకు వచ్చునప్పుడు అద్దములలో కొంత చూచి, మిగిలినది ఊహించుకొని నడపును. చూపు తక్కువైన చోటనే వెలుగు కూడ తక్కువగా ఉండుట వింత కదా! ఈ లోటు తీర్చుకొనుటకు సరకుల బండ్లవారు, అందును పికప్ బండ్లవారు, వెనుక భాగమున అదనముగ రివర్సు దీపములు పెట్టించుకొనుచున్నారు. వానిని ఎట్లు అమర్చవలెను, తీగలు ఎట్లు కలుపవలెను, ఏ పని చేయరాదు అను విషయములను గూర్చి ఈ పూట ముచ్చటింతము.

బండి లేనివారు ఈ ప్రసంగము తమకు కాదని రేడియో కట్టివేయవద్దని నా మనవి. బండిని నడపువాడు ఒక్కడే. దాని వెనుక నిలుచువారు, నడచువారు, ఆడుకొనువారు, అలసి నిద్రించువారు ఎందరో కలరు. బండివానికి తెలియవలసినది వారికిని తెలిసి ఉండుట మంచిది.

హనుమకొండలో సుబేదారి ఒక పాత పేట. నిజాముల కాలమున హైదరాబాదు రాష్ట్రమును నాలుగు సుబాలుగ విభజించి, ఒక్కొక్క సుబాకు ఒక సుబేదారును నియమించిరి. వానిలో వరంగల్ సుబా ఒకటి. ఆ అధికారి పదవి పేరే నేటికిని ఈ పేటకు నిలిచి ఉన్నది. కాజీపేట నుండి హనుమకొండ చౌరస్తాకు పోవు పెద్ద దారి దీని మీదుగనే సాగుచున్నది. కార్యాలయములు, కళాశాల, అంగళ్ళు, వాని నడుమ ఇరుకు సందులు ఇచట కలవు. పగలు ఆ దారిలో బండి వెనుకకు త్రిప్పుటయే కష్టము. రాత్రి సందులోనికి సరకు దింప వచ్చిన బండి సంగతి చెప్పనక్కరలేదు. సందులో మరలుటకు చోటు చాలదు కావున, ఎంత దూరము లోనికి పోయెనో అంత దూరమును వెనుకకే రావలెను.

ఇటనుండి వరంగల్లు వైపు పోయినచో ఏనుమాముల వ్యవసాయ మార్కెట్టు వచ్చును. ఆసియా ఖండములోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా అది పేరుపొందినది. పత్తి కాలమునందును, మిరప కాలమునందును చుట్టుప్రక్కల పల్లెల నుండి సరకు రాత్రికి రాత్రియే అచటికి చేరును. తెల్లవారి వేలమునకు అందవలెనని రైతు రాత్రియే బయలుదేరును. బస్తాలు దింపి, వాని ప్రక్కనే కండువా పరచుకొని పండుకొనును. బండ్లు ఒకదాని వెనుక నొకటి వచ్చి, వెనుకకు నడచి, బస్తాల వరుసల దగ్గరకు చేరుచుండును. హమాలీలు, దడ్వాయిలు, చాయ్ అమ్ము పిల్లలు ఆ సందడిలోనే తిరుగుచుందురు. ఆ చీకటిలో, ఆ దుమ్ములో, బండి వెనుక చక్రమునకు ఎదురుగ ఎవరున్నారో డ్రైవరునకు తెలియుటకు ఆధారమేమి? మనము మాట్లాడుకొను చిన్న దీపమే.

ఒక చిన్న లెక్క చూతము. బండి గంటకు 5 కిలోమీటర్ల వేగముతో వెనుకకు వచ్చుచున్నదనుకొందము. అది మనిషి నడక వేగమే. ఏదో అడ్డము కనబడినది. అది కనబడి, మనసునకు తట్టి, కాలు బ్రేకు మీద పడుటకు ఒకటిన్నర సెకను పట్టునని తలచినచో, ఆ లోపల బండి సుమారు రెండు మీటర్లు జరుగును. అనగా నిద్రించు మనిషి నిడివి కంటె ఎక్కువ దూరము. బ్రేకు పట్టుట ఆ తరువాతి మాట. కావున రెండు మీటర్ల దూరము మాత్రమే చూపు దీపము చూపియు చూపనట్లే. కనీసము ఆరేడు మీటర్ల వరకు నేల స్పష్టముగ కనబడవలెను.

కంపెనీవారు ఇచ్చు రివర్సు దీపములో చాల బండ్లకు 21 వాట్ల బల్బు ఉండును. దాని వెలుగు సుమారు 460 ల్యూమెన్లు. దాని ముఖ్యోద్దేశము వెనుక ఉన్నవారికి బండి వచ్చుచున్నదని తెలుపుట, డ్రైవరునకు కొంత నేల చూపుట. కారునకు అది చాలునేమో. ఎత్తైన డాలా, దాని మీద బస్తాలు, దుమ్ము పట్టిన దీపపు అద్దము గల సరకుల బండికి అది చాలదు. ఇంటిలోని పట్టపగటి వంటి వెలుగునకు అలవాటుపడిన కన్ను, చీకటికి పూర్తిగ అలవాటు పడుటకు ఇరువది ముప్పది నిమిషములు పట్టును. మార్కెట్టు ద్వారము దగ్గరి పెద్ద దీపముల వెలుగులో నుండి లోపలి చీకటిలోనికి వచ్చిన డ్రైవరునకు అంత వ్యవధి ఎక్కడిది?

ఇతర దేశములవారును ఈ చిక్కును ఎదుర్కొనినారు. బండ్ల వెనుక పిల్లలు నలిగిపోవు ఘోరములు చూచి, అమెరికా చట్టసభ 2008లో ఒక చట్టము చేసినది. దాని ఫలితముగ 2018 మే 1 నుండి అచట తయారగు చిన్న వాహనములన్నిటికిని వెనుక చూపు కెమెరా ఉండవలెనని నియమము వచ్చినది. మన దేశమున 2019 జులై 1 నుండి తయారైన ప్రయాణికుల కార్లకు, వెనుక అడ్డము వచ్చినప్పుడు హెచ్చరించు సెన్సారులు తప్పనిసరి చేసినారు. అంతకు ముందే తయారై, నేటికిని సరకు మోయుచున్న పికప్ బండ్లు మన దారుల మీద ఎన్నో కలవు. కెమెరా పెట్టించుకొన్న వారికిని ఒక మాట. వెలుగు లేనిచోట కెమెరా కన్నుకు కనబడునది చాల తక్కువ. దానికిని దీపమే తోడు.

ఇక తీగల సంగతి. మన యింటి కరెంటు 230 వోల్టులు. బండి బ్యాటరీ 12 వోల్టులు. 12 వోల్టులు కదా, ముట్టుకొన్నను షాకు కొట్టదు కదా అని చాలమంది దానిని చులకనగ చూతురు. అచటనే పొరపాటు జరుగుచున్నది. ఇంటిలో 60 వాట్ల బల్బు వెలుగుటకు పావు ఆంపియరు కరెంటు చాలును. అదే 60 వాట్ల దీపము బండిలో వెలుగవలెనన్న 5 ఆంపియర్లు కావలెను. అనగా సుమారు పందొమ్మిది రెట్లు. తీగలో పుట్టు వేడి కరెంటు వర్గమును బట్టి పెరుగును. కావున ఒకే తీగలో ఈ రెండు కరెంటులు పారినచో, రెండవదాని వేడి మూడువందల రెట్లకు పైగ ఉండును. బండి కరెంటు మనిషిని కొట్టదు. కాని తీగను కాల్చును. తీగతో పాటు బండిని, బండి మీది పత్తిని కాల్చగలదు. ఇంటిలో మిగిలిన సన్నని తీగ ముక్కను బండికి వాడరాదనుటకు కారణమిదే.

సాధారణముగ జరుగుచున్నదేమి? యజమాని అంగడిలో రెండు 55 వాట్ల హాలోజన్ దీపములు కొనును. పాత రివర్సు దీపపు తీగను బ్లేడుతో గీరి, క్రొత్త దీపముల తీగను దానికి చుట్టి, టేపు వేయుదురు. గేరు వేయగనే దీపములు ధగధగ వెలుగును. అందరును సంతోషింతురు. ఇప్పుడు లెక్క వేయుడు. పాత బల్బులు రెండును కలిసి 42 వాట్లు, అనగా మూడున్నర ఆంపియర్లు. క్రొత్తవి రెండును కలిసి 110 వాట్లు, అనగా 9 ఆంపియర్లకు పైన. మొత్తము సుమారు 12.7 ఆంపియర్లు. ఆ దారికి కంపెనీవారు పెట్టిన ఫ్యూజు 10 ఆంపియర్లదైనచో అది నేడో రేపో పోవును. అప్పుడు ఎవడో తొందరపాటువాడు ఫ్యూజు స్థానములో సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, ఒక తీగ ముక్కయో పెట్టును. దీపములు మరల వెలుగును. ఇక కాలవలసినది తీగయే.

అది కాలకపోయినను మరొక నష్టము కలదు. గేరుపెట్టె మీద రివర్సు గేరు పడగనే కలిసికొను చిన్న స్విచ్చి యొకటి ఉండును. అది మూడు నాలుగు ఆంపియర్లకు ఉద్దేశించినది. దాని గుండ మూడింతలు పంపినచో దాని మొనలు కాలి, కొన్ని నెలలకు అది పనిచేయుట మానును. అప్పుడు క్రొత్త దీపములే కాదు, పాత దీపములును వెలుగవు. వెలుగు పెంచబోయి ఉన్న వెలుగును పోగొట్టుకొనుట యనిన ఇదే.

దీనికి మందు రిలే. మన ఓరుగల్లు సీమవారికి దీనిని చెరువు తూముతో పోల్చి చెప్పుట సులభము. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులను కాకతీయుల కాలమునుండి చూచుచున్నాము. చెరువు నీరు తూము గుండ కాలువకు పారును. నీరటికాడు తూము మూత ఎత్తును, దించును. మూత ఎత్తుటకు కొద్ది బలము చాలును. పారు నీరు మాత్రము ఏరంత. ఆ నీరు నీరటికాని చేతి మీదుగ పారదు కదా! రిలే అట్టిదే. గేరు స్విచ్చి నుండి వచ్చు చిన్న కరెంటు రిలేలోని తీగచుట్టను అయస్కాంతముగ మార్చును. ఆ అయస్కాంతము లోపలి పెద్ద స్విచ్చిని లాగి కలుపును. దీపముల పెద్ద కరెంటు బ్యాటరీ నుండి తిన్నగ ఆ పెద్ద స్విచ్చి గుండ పోవును. రిలే చుట్టకు కావలసినది ఆంపియరులో ఐదవ వంతు కంటె మించదు. పాత తీగకు, పాత ఫ్యూజునకు, గేరు స్విచ్చికి దాని వలన భారము లేదు.

రిలే అడుగున కాళ్ళ మీద అంకెలు వ్రాసి ఉండును. 30 అను కాలు బ్యాటరీ నుండి వచ్చు కరెంటునకు. 87 అను కాలు దీపములకు పోవు కరెంటునకు. 85, 86 అను రెండు కాళ్ళు లోపలి చుట్టవి. 86కు రివర్సు దీపపు తీగ నుండి సంకేతము ఇచ్చి, 85ను ఎర్తునకు కలుపవలెను. కొన్ని రిలేలకు 87 ఏ అను ఐదవ కాలు ఉండును. రిలే ఊరకున్నప్పుడు కరెంటు దానికి పోవును. మనకు దానితో పనిలేదు. తెలియక దానికి దీపములు కలిపినచో బండి నిలిచినను, ముందునకు పోయినను అవి వెలుగుచునే ఉండి, వెనుకకు వచ్చునప్పుడు మాత్రము ఆరిపోవును.

పని మొదలుపెట్టుటకు ముందు బండిని సమమైన నేల మీద నిలిపి, చక్రములకు దిమ్మలు పెట్టవలెను. బ్యాటరీ నెగెటివు తీగను ముందు ఊడదీయవలెను. పాజిటివును ముందు ఊడదీయబోయినచో, పానా బండి ఇనుమునకు తగిలి నిప్పులు రాలును. నెగెటివును ముందు తీసిన తరువాత పానా ఎక్కడ తగిలినను భయము లేదు. తిరిగి బిగించునప్పుడు నెగెటివును చివరకు బిగించవలెను.

బ్యాటరీ పాజిటివు నుండి బయలుదేరు క్రొత్త తీగకు, బ్యాటరీకి జానెడు దూరములోనే, ఫ్యూజు పెట్టవలెను. చాలమంది ఫ్యూజును దీపము దగ్గర పెట్టుదురు. ఫ్యూజు ఉన్నది దీపమును కాపాడుటకు కాదు, తీగను కాపాడుటకు. బ్యాటరీకిని ఫ్యూజునకును నడుమ ఉన్న తీగ ఎక్కడ ఒరిసి చాసీకి తగిలినను దానిని ఆపువారు లేరు. కావున ఆ నడిమి భాగము ఎంత పొట్టిదైన అంత మేలు. రెండు 55 వాట్ల దీపములకు 15 ఆంపియర్ల ఫ్యూజు తగును. రెండును కలిసి 36 వాట్ల ఎల్.ఇ.డి. దీపములైనచో 3 ఆంపియర్లే కావున, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును.

తీగ మందము మాట కొంచెము ఓపికగ వినుడు. బ్యాటరీ నుండి వెనుక వరకు 6 మీటర్ల తీగ పట్టుననుకొందము. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ తీసికొన్నచో దాని నిరోధము ఓములో పదవ వంతు. 9 ఆంపియర్లకు పైన కరెంటు దానిలో పారునప్పుడు దాదాపు ఒక వోల్టు తీగలోనే హరించిపోవును. 12లో ఒకటి పోయిన ఏమి నష్టమని అనవచ్చును. ఫిలమెంటు దీపముల స్వభావము వేరు. వోల్టులు నూటికి ఎనిమిది తగ్గినచో వెలుగు నూటికి ఇరువదియైదు తగ్గును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో పోవునది వోల్టులో రెండు ఐదవ వంతుల లోపే, వెలుగులో తగ్గునది నూటికి పది. ఖరీదైన దీపము కొని, చవుకైన సన్నని తీగ వేయుట, నిండు చెరువునకు పిల్లకాలువ త్రవ్వినట్లు. సంకేతపు తీగకు మాత్రము ముప్పాతిక చదరపు మిల్లీమీటరు చాలును.

కరెంటు వెళ్ళుటకు దారి ఎంత ముఖ్యమో తిరిగి వచ్చుటకును అంతే ముఖ్యము. బండిలో తిరుగుదారి చాసీ ఇనుము. ఎర్తు తీగను రంగు మీద, తుప్పు మీద బిగించినచో దీపము మినుకుమినుకుమనును. ఇనుము తళతళలాడు వరకు గీకి, ఉంగరపు మొనతో బోల్టు బిగించి, పైన గ్రీజు పూయవలెను. దీపము సరిగ వెలుగలేదన్నచో ముందు అనుమానింపవలసినది ఎర్తునే.

తీగలను చుట్టి టేపు వేయు పద్ధతి మానవలెను. మన మే నెల ఎండ 40 డిగ్రీలు దాటును. ఆ వేడికి టేపు జిగురు కరగి, చుట్టు విడిపోవును. వానకాలమున అందులోనికి నీరు దిగి రాగి పచ్చబడును. మొనలను పనిముట్టుతో నొక్కి బిగించి, వేడికి ముడుచుకొను గొట్టము తొడిగినచో ఏండ్ల తరబడి నిలుచును. తీగ మొత్తమును ముడుతల గొట్టములో దూర్చి, సైలెన్సరునకు దూరముగ, కదలు భాగములకు తగులకుండ, జానెడు జానెడునకు బిగించవలెను. గింజల బస్తాలు మోయు బండికి ఎలుకల బాధ తప్పదు. ఆ గొట్టము వానికిని కొంత అడ్డు. రిలే కాళ్ళు క్రిందికి ఉండునట్లు బిగించినచో నీరు లోపల నిలువదు.

క్రొత్త బండ్ల విషయమున ఒక హెచ్చరిక. నేటి బండ్లలో దీపములను కూడ కంప్యూటరు పెట్టె కనిపెట్టుచుండును. రిలే ఆరినప్పుడు దాని చుట్ట నుండి ఎదురు వోల్టు ఒకటి చప్పున లేచును. దానిని అణచు డయోడు లోపలనే ఉన్న రిలే దొరకును. అట్టిదే కొనవలెను. అందులో 85, 86 కాళ్ళను తారుమారు చేయరాదు. వారంటీ గడువు తీరని బండియైనచో తీగను ముట్టుటకు ముందు అమ్మినవారిని అడుగుట మేలు.

దీపమేది కొనవలెను? హాలోజన్ బల్బు పనిచేయునప్పుడు దాని గాజు వేడి 250 డిగ్రీలు దాటును. దాని అద్దము మీద పత్తి పింజలో, ఎండు గడ్డియో పేరుకొన్నచో ఏమగునో ఊహించుకొనవచ్చును. పత్తి, వరిగడ్డి మోయు బండికి ఎల్.ఇ.డి. దీపమే శ్రేష్ఠము. వెలుగుకు వెలుగు, కరెంటు తక్కువ. దాని వెనుక భాగమును వేడెక్కును కావున గాలి తగులునట్లు పెట్టవలెను.

ఎచ్చట పెట్టవలెను? డాలా తెరచి క్రిందికి వ్రేలాడవేసినప్పుడు దాని వెనుక దాగిపోని చోట పెట్టవలెను. బ్రేకు దీపములను, నంబరు పలకను కప్పరాదు. మరీ చేరువగ ఉన్నచో తెల్లని వెలుగులో ఎఱ్ఱని బ్రేకు దీపము తేలిపోవును. నేల నుండి ముప్పాతిక మీటరు ఎత్తున పెట్టి, బండికి ఆరు మీటర్ల వెనుక నేల మీద ఒక రాయి ఉంచి, వెలుగు నడిమి భాగము ఆ రాతి మీద పడునట్లు వంచి బిగించుడు. అప్పుడు నేల మీద పండుకొన్నవాడును కనబడును, నిలిచినవాని కండ్లును చెదరవు. రెండు దీపములను కొంచెము ప్రక్కలకు విప్పినచో వెనుక చక్రముల దారి కూడ తెలియును.

చట్టము ఏమనుచున్నది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోని 108వ నియమము ప్రకారము బండి వెనుకకు ఎఱ్ఱని వెలుగు తప్ప వేరు వెలుగు చూపరాదు. దానికి గల మినహాయింపులలో నంబరు పలక మీది తెల్లని వెలుగు ఒకటి, బండి వెనుకకు నడచునప్పటి తెల్లని వెలుగు ఒకటి. ఈ మాటలలోనే మన తీగల పథకమంతయు ఇమిడి ఉన్నది. దీపము తెల్లనిది కావలెను. బండి వెనుకకు నడచునప్పుడే వెలుగవలెను. ముందునకు పోవుచు వెనుక తెల్లని దీపము వెలిగించినచో, వెనుకవానికి అది ఎదురు వచ్చు బండివలె కనబడును. రాత్రి ములుగు దారిలోనో, కరీంనగరు దారిలోనో ఆ భ్రమ ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనేల?

కొందరు సరకు దింపుటకు పనికివచ్చునని ఈ దీపములకు డాష్ బోర్డు మీద వేరే స్విచ్చి పెట్టించి, గేరుతో సంబంధము లేకుండ వెలిగింతురు. వెలిగించి ఆర్పుట మరతురు. ఇందులో రెండు నష్టములు కలవు. ఒకటి ఇప్పుడు చెప్పిన భ్రమ. రెండవది బ్యాటరీ. ఇంజను ఆపి 36 వాట్ల దీపమును పది గంటలు వెలిగించినచో 30 ఆంపియరు గంటలు ఖర్చగును. 60 ఆంపియరు గంటల బ్యాటరీలో అది సగము. తెల్లవారి బండి కదలనని మొండికేయును. కావున స్విచ్చి పెట్టదలచినచో దానిని సంకేతపు తీగలో, గేరు స్విచ్చికిని రిలేకును నడుమ, వరుసగ పెట్టుడు. అప్పుడు గేరు పడినప్పుడే దీపము వెలుగును. అక్కరలేని చోట, అనగా ఆసుపత్రి ముందో, నిద్రపోవు వాడలోనో, దానిని ఆర్పుకొనవచ్చును. గేరు పడకుండ మాత్రము అది ఎన్నటికిని వెలుగదు. సరకు దింపుటకు వెలుగు కావలసినచో, డాలా లోపలికి మాత్రమే పడు చిన్న దీపమును వేరుగ పెట్టుకొనుట మంచిది.

పని ముగిసిన తరువాత పరీక్ష చేయవలెను. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి, చేతి బ్రేకు లాగి, రివర్సు గేరు వేయుడు. పాత దీపములు, క్రొత్త దీపములు అన్నియు వెలుగవలెను. గేరు తీయగనే అన్నియు ఆరవలెను. పదినిమిషములు వెలిగించి, తీగను, రిలేను, ఫ్యూజు పట్టును చేతితో తాకి చూడుడు. గోరువెచ్చదనము తప్పుకాదు. చేయి పెట్టలేనంత వేడి ఉన్నచో ఎక్కడనో పట్టు వదులైనదని అర్థము. అటు తరువాత నెలకు ఒకసారి దీపపు అద్దము తుడిచి, బోల్టులు బిగించిన చాలును.

ఇంత చెప్పిన తరువాత ఒక మాట మిగిలినది. దీపము చూపును గాని చూడదు. చూడవలసినవాడు మనిషియే. దీపమునకు ఎదురుగ బస్తా నిలిచినచో దాని వెనుక నీడ ఉండును. ఆ నీడలో ఎవరైన ఉండవచ్చును. 2017 వరకు అమలులో ఉండిన 1989 నాటి రహదారి నియమములు, ఎవరికిని ప్రమాదము గాని ఇబ్బంది గాని కలుగదని ముందుగ నిశ్చయించుకొనక బండిని వెనుకకు నడపరాదని డ్రైవరును ఆదేశించినవి. ఆ నిశ్చయము సీటులో కూర్చుండి కలుగునది కాదు. క్రిందికి దిగి, బండి చుట్టును ఒకమారు తిరిగి చూచిన కలుగును. క్లీనరు ఉన్నచో వాడు బండికి సరిగ వెనుక నిలువక, డ్రైవరు అద్దములో కనబడునట్లు ప్రక్కన నిలిచి, రానీ రానీ అని పలుకవలెను. వాడు అద్దములో కనబడని క్షణముననే బండి ఆగవలెను. వాని కేక వినబడుచున్నది కదా అని నడుపుట తగదు.

ఇంటి పెద్దలకును ఒక విన్నపము. ముంగిట బండి ఉన్న యింటిలో, తాళము త్రిప్పిన చప్పుడు వినగనే పిల్లలు ఎక్కడ ఉన్నారో చూచుకొనుట అలవాటు చేసికొనుడు. తెల్లని దీపము వెలిగినదనగా బండి తమ వైపు రాబోవుచున్నదని, అప్పుడు ప్రక్కకు తొలగవలెనని పిల్లలకు నేర్పుడు. మార్కెట్టునకు పోవు రైతు సోదరులు బస్తాల వరుసకు లోపలి వైపున పండుకొనవలెను గాని, బండ్లు తిరుగు దారి వైపున పండుకొనరాదు.

ఒక రిలే, ఒక ఫ్యూజు, కొన్ని మీటర్ల మంచి తీగ, రెండు దీపములు, నేర్పరియైన పనివాని ఒక పూట శ్రమ. బండి ఖరీదులో ఇది లెక్కకు రాదు. పంట అమ్ముకొన వచ్చి, వేలము గంట కొరకు ఎదురుచూచుచు కన్నుమూసిన మనిషి తెల్లవారి క్షేమముగ లేచుటకు అది తోడ్పడినచో, ఆ ఖర్చు సార్థకమైనట్లే.